రోడోడెండ్రాన్‌కు జనవరి కన్నా నవంబరే గండం

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల వాకిళ్లలో తరచుగా కనిపించే పొద రోడోడెండ్రాన్. మే నెలాఖరులో ఊదా, గులాబీ, తెలుపు రంగుల్లో గుత్తులు గుత్తులుగా పూస్తుంది. ఆకు రాల్చదు. జనవరిలో ఓ ఉదయం తలుపు తీసి చూస్తే ఆ ఆకులన్నీ కిందికి వేలాడుతూ, అంచులు అడుగువైపు ముడుచుకుని, పొగాకు చుట్టల్లా కనిపిస్తాయి. చెట్టు ఎండిపోతోందని కంగారుపడి బకెట్టుతో నీళ్లు తెచ్చి పోస్తారు. గడ్డకట్టిన నేలలో ఆ నీళ్లు వేర్లకు అందవు, చెట్టు మొదలు దగ్గర మంచుగడ్డ కడతాయి. ఎండకాసి గాలి వెచ్చబడిందంటే అవే ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి.

ఇందులో రెండు కదలికలున్నాయి. వేలాడడం కాడ పని, చుట్టుకోవడం ఆకు పని. చలి 1, 2 డిగ్రీల సెల్సియస్‌కు దిగేసరికి కాడలు వాలడం మొదలవుతుంది. మైనస్ 4 దగ్గర అంచులు ముడుచుకుంటాయి. మైనస్ 7 దాటితే ఆకు చిటికెనవేలంత సన్నబడుతుంది. పత్రరంధ్రాలు ఆకు అడుగున ఉంటాయి కాబట్టి నీరు ఆవిరి కాకుండా దాచుకోవడానికే ఇదంతా అని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ అంత చలిలో ఆ రంధ్రాలు ఎలాగూ మూసుకునే ఉంటాయి. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ నిల్సెన్ చేసిన పరిశోధనలు వేరే కారణాలు చూపించాయి. తూర్పు అమెరికాలోని అపలేచియన్ కొండల అడవుల్లో చలికాలం పెద్దచెట్లు ఆకు రాలుస్తాయి, అప్పటిదాకా నీడలో ఉన్న ఈ పొదల మీద నేరుగా ఎండ పడుతుంది. పత్రహరితం ఆ వెలుతురును పట్టుకుంటుంది గానీ, చలికి మందగించిన ఎంజైములు దాన్ని వాడుకోలేవు. మిగిలిపోయిన శక్తి ఆకులోని కిరణజన్య సంయోగక్రియ వ్యవస్థనే దెబ్బతీస్తుంది. వేలాడి, చుట్టుకున్న ఆకు మీద పడే ఎండ తక్కువ. పైగా రాత్రి గడ్డకట్టిన ఆకు పొద్దున్నే ఒక్కసారిగా కాకుండా నిదానంగా కరుగుతుంది. కణపొరలకు గడ్డకట్టడం ఎంత ప్రమాదమో, గబగబా కరగడం కూడా అంతే.

నర్సరీలో మొక్కకు కట్టిన ట్యాగు మీద ‘జోన్ 6’ అని ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పటంలో ఆరో జోన్ అంటే ఏడాదిలో అత్యంత చలిరాత్రి ఉష్ణోగ్రత సగటున మైనస్ 23 నుంచి మైనస్ 18 సెల్సియస్ మధ్య ఉండే ప్రాంతం. ఇది సగటు మాత్రమే. కొన్నేళ్లు చలి అంతకన్నా దిగుతుంది. 2023లో వచ్చిన కొత్త పటానికి 1991–2020 లెక్కలు ఆధారం. ఆ అంకె పూర్తిగా నిద్రలోకి వెళ్లిన మొక్కకే చెల్లుతుందన్న మాట మాత్రం ట్యాగు మీద ఉండదు. నా దృష్టిలో కొనేవాళ్లకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది అదే.

ఎందుకంటే చలిని ఓర్చే శక్తి మొక్కలో ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. వేసవిలో మైనస్ 10ని కూడా తట్టుకోలేని కాటాబియెన్స్ రోడోడెండ్రాన్ ఆకు, నడి చలికాలంలో మైనస్ 30కీ తట్టుకుంటుంది. పగటివేళ కురచ కావడంతో మొదటి మార్పు మొదలవుతుంది, ఎదుగుదల ఆగుతుంది. తర్వాత అక్టోబరు, నవంబరుల్లో తేలికపాటి గడ్డకట్టే రాత్రులు వరసగా వస్తే రెండోది. కణాల్లో చక్కెరలు పేరుకుంటాయి, కణపొరల్లోని కొవ్వుల తీరు మారుతుంది, డీహైడ్రిన్లనే ప్రోటీన్లు తయారవుతాయి. అప్పుడు మంచు స్ఫటికాలు కణాల మధ్య ఖాళీల్లోనే ఏర్పడతాయి. కణంలోని నీరు కొంచెం కొంచెంగా బయటికి వెళ్లిపోతుంది, ఆ ఎండుదనాన్ని కణం ఓర్చుకుంటుంది. ఇదంతా కుదరడానికి వారాలు పడుతుంది. నవంబరు మధ్యదాకా వెచ్చగా ఉండి, ఒక్కరాత్రిలో మైనస్ 12కి పడిపోతే, జనవరిలో మైనస్ 25ను లెక్కచేయని మొక్క కూడా మాడిపోతుంది. 2022 డిసెంబరు 23 ప్రాంతంలో అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో కొద్ది గంటల్లోనే ఉష్ణోగ్రత కుప్పకూలినప్పుడు కామెలియా, గార్డీనియా పొదలు పెద్దఎత్తున దెబ్బతిన్నాయి. చలికాలం అటుచివరా ఇదే గండం ఉంది. 2007లో మార్చి వెచ్చగా గడిచి మొక్కలు నిద్రలేచాక ఏప్రిల్ మొదట్లో గడ్డకట్టే చలి వచ్చి తూర్పు అమెరికాలో చిగుళ్లను మాడ్చేసింది.

జాతి ఎంపికలో చాలామంది పొరబడేది ఒకటుంది. హిమాలయాల మొక్క కదా, ఎంత చలైనా తట్టుకుంటుందనుకుంటారు. ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షమైన బురాంశ్ ఒక రోడోడెండ్రానే, దాని ఉపజాతి మన నీలగిరుల్లోనూ పెరుగుతుంది. బురాంశ్ సుమారు మైనస్ 10 దగ్గరే చతికిలబడుతుంది, న్యూజెర్సీ చలికి ఆగదు. ఇంకా ఎత్తున పెరిగే పొట్టి జాతులను చలికాలమంతా మంచుదుప్పటి కాపాడుతుంది. మంచు నిలవని పెరట్లో వాటికి ఆ రక్షణ ఉండదు. తూర్పు అమెరికా చలికి నిలిచేవి అపలేచియన్ కొండల కాటాబియెన్స్ సంతతి: రోజియం ఎలిగెన్స్, నోవా జెంబ్లా లాంటివి. చిన్నాకుల పీజేఎం వేరే సంకరం, చలికాలంలో ఆకులు ముదురు గోధుమ ఊదాకు తిరుగుతాయి. అది జబ్బు కాదు.

మొక్క అంతటికీ ఒకే ఓర్పు ఉండదు. ఆకుమొగ్గ కన్నా పూమొగ్గ సుకుమారం. పూమొగ్గలో మంచు ముందు పైపొలుసుల్లో ఏర్పడి, లోపలి చిట్టిపూల నుంచి నీటిని తనవైపు లాక్కుంటుంది. చలి నిదానంగా పెరిగితే పూలు బతుకుతాయి. ఒక్కసారిగా పడితే లోపల మిగిలిన నీరు గడ్డకట్టి చస్తాయి. ఏప్రిల్‌లో ఒక మొగ్గను బ్లేడుతో నిలువునా కోసి చూడండి. పచ్చగా ఉంటే పూస్తుంది. మధ్యలో గోధుమరంగు చుక్కలుంటే ఆ పూలు పోయినట్టే, గుత్తిలో సగమే విచ్చుకోవచ్చు. అన్నిటికన్నా బలహీనం వేర్లు. చాలా సతతహరితాల లేతవేర్లు మైనస్ 5, మైనస్ 10 మధ్యే చచ్చిపోతాయి. అందుకే నేలలో హాయిగా ఉండే మొక్క అదే వాకిట్లో కుండీలో చచ్చిపోతుంది. కుండీని మట్టిలో పాతిపెట్టాలి, లేదా వేడి పెట్టని గ్యారేజీలోకి చేర్చాలి.

నాటేటప్పుడు వేరుముద్ద పైభాగం నేలకన్నా 3–5 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలి. లోతుగా నాటితే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు చలికాలం ఆకుకు నీరందించలేదు. మట్టి ఆమ్లంగా, పీహెచ్ 4.5–5.5 ఉండాలి. పైన 5–8 సెంటీమీటర్ల మందాన పైన్ బెరడు లేదా పైన్ ఆకులు పరచాలి, కాండాన్ని మాత్రం తాకనివ్వొద్దు. జూన్ దాటాక నత్రజని ఎరువు వేయకండి: ఆగస్టులో వచ్చిన చిగురు నవంబరుకు ముదరదు. నీళ్ల విషయం అసలు ఇక్కడే తేలాలి. వాన లేని అక్టోబరు, నవంబరుల్లో, నేల గడ్డకట్టేలోపు, వారానికి రెండున్నర సెంటీమీటర్ల వానకు సమానంగా తడపండి. వాయవ్యం నుంచి గాలి కొట్టేచోట కర్రలు పాతి గోనెపట్ట కట్టాలి, ఆకుకు తగలకుండా. ప్లాస్టిక్ కప్పితే లోపల ఎండకు ఉడికి, రాత్రికి గడ్డకడుతుంది. మంచు పేరుకుంటే చేత్తో కిందినుంచి పైకి లేపి దులపండి. గాజులా పట్టిన మంచుగడ్డ జోలికి మాత్రం వెళ్లకండి, కొమ్మ విరుగుతుంది.

మార్చిలో అంచులు మాడిన ఆకులు చూసి కత్తెర తీయొద్దు. ఆకు పోయినా కొమ్మ, మొగ్గ బతికే ఉండొచ్చు. మే నెలాఖరుదాకా ఆగి, గోటితో బెరడు గీకండి: కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే పచ్చదనం కనిపించేదాకా కిందికి గీక్కుంటూ వచ్చి, అక్కడ ఒక కణుపుకు కాస్త పైన కోయాలి. కోసినచోటికి కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు కొన్ని వారాల్లో చిగురిస్తాయి. బాగానే చిగిర్చిన కొమ్మ జూన్, జులైల్లో ఉన్నట్టుండి వాడిపోయిందా, కాండం మొదలు దగ్గర బెరడు నిలువునా చీలి ఉందేమో చూడండి. ముందటి నవంబరులో పడ్డ చలిదెబ్బ కావచ్చు అది; చీలిక కాండం చుట్టూతా తిరగకపోతే మొక్క దాన్ని మాన్చుకోగలదు.