‘అట’ రాలిపోయిన చోట

ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి జయంతి నాడు, పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఒక జాబితా కనిపిస్తుంది. బంధువుల గ్రూపులో ఒకసారి, బడి స్నేహితుల గ్రూపులో ఒకసారి, డల్లాస్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు దగ్గర్నుంచి ఇంకోసారి. పైన ‘తెలుగు గొప్పతనం’ అని ఉంటుంది. అందులో ఒక వాక్యం ఎప్పుడూ తప్పదు: 15వ శతాబ్దంలో విజయనగరం వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటి తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని మెచ్చుకున్నాడు. చాలా ఏళ్లు నేనూ దీన్ని నమ్మాను. ఒక సభలో మైకు ముందు చెప్పాను కూడా. తర్వాత ఒకసారి, కాంటి ఇంకేం చెప్పాడో చూద్దామని అసలు పుస్తకం వెతికి చదివాను.

కాంటి వెనిస్ దగ్గర కియోజ్జా అనే రేవు ఊరి వ్యాపారి. డమాస్కస్‌లో అరబ్బీ నేర్చుకుని, ఎడారి దాటి, సముద్రం మీద గుజరాత్ తీరానికి చేరాడు. సుమారు 1420లో విజయనగరం చూశాడు. పాతికేళ్లు తూర్పు దేశాల్లో తిరిగాడు. ఇంటికి వెళ్లే దారిలో, తనవాళ్ల ప్రాణాలు కాపాడుకోవడానికి క్రైస్తవం వదులుకోవాల్సి వచ్చింది. అంత చేసినా భార్య, ఇద్దరు పిల్లలు ఈజిప్టులో ప్లేగుతో పోయారు. స్వదేశం చేరాక మతం విడిచినందుకు క్షమించమని పోప్ నాలుగో యూజీన్‌ను వేడుకున్నాడు. చూసిందంతా ఉన్నదున్నట్టు చెప్పడమే ప్రాయశ్చిత్తంగా విధించారని అంటారు. ఆయన చెప్పగా లాటిన్‌లో రాసుకున్నది పోప్ కార్యదర్శి పొగ్గియో బ్రాచియోలిని. అంటే మనం కాంటి మాటలు అనుకుంటున్నవి కూడా ఇంకొకరి చేతి మీదుగా వచ్చినవే.

ఆ లాటిన్ రచనకు ఇంగ్లిషు అనువాదం 1857లో హక్లూట్ సొసైటీ వేసిన సంపుటంలో ఉంది. 1900లో రాబర్ట్ స్యూయెల్ విజయనగర చరిత్ర రాస్తూ అందులోని భాగాలు ఇచ్చాడు. రెండూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఒక పూటలో చదివేయొచ్చు. నగరం చుట్టుకొలత 60 మైళ్లని ఉంది. ఆయుధం పట్టగలవాళ్లు 90,000 మంది అని ఉంది. రాజుకు 12,000 మంది భార్యలని ఉంది, వజ్రాల కొండ గురించి ఉంది, సతి గురించి ఉంది. తెలుగు అన్న పేరు మాత్రం రాదు. ఇక్కడి భాష తియ్యగా ఉందన్న మాట కూడా ఎక్కడా లేదు.

కొంచెం ఆలోచిస్తే, ఆ కాలం మనిషి ఆ మాట అనడమే కష్టం. ఇటలీ అంతటికీ ఒకే ప్రామాణిక భాష అప్పటికింకా కుదరలేదు. కాంటి ఇంట్లో మాట్లాడింది వెనీషియన్. రొట్టెను ఇప్పటి ప్రామాణిక ఇటాలియన్‌లో ‘పానె’ అంటే వెనిస్ వాళ్లు ‘పాన్’ అంటారు. చెయ్యి ‘మానో’ కాదు, ‘మాన్’. కుక్క ‘కానె’ కాదు, ‘కాన్’. మాట చివర అచ్చును తరచూ రాల్చేసే భాషలో పుట్టినవాడు, తెలుగు అజంతభాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, కాబట్టి అచ్చం మా భాషలా ఉందని మురిసిపోయాడని మనం చెప్పుకుంటున్నాం.

మరి ఆ పోలిక ఎక్కడిది? అది 19వ శతాబ్దపు ఇంగ్లిషు పుస్తకాల్లో కనిపిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన దొరలు, మిషనరీలు లాటిన్‌తో, కొందరు ఇటాలియన్‌తో కూడా పరిచయం ఉన్నవాళ్లు. తెలుగు చెవిన పడగానే వాళ్లకు ఇటాలియన్ గుర్తుకొచ్చి ఉంటుంది. చెవికి ఇంపుగా ఉండటంలో తెలుగు తమిళాన్ని మించుతుందని, ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన మిషనరీ కాల్డ్‌వెల్ 1856లోనే రాశాడు. ఆ పోలిక ఎవరి సొంతమూ కాదు, ‘ఇలా అంటుంటారు’ అన్న పద్ధతిలో నడిచేది. చెవికి తోచిన ఒక అభిప్రాయం, అంతే. అయితే సొంతదారు లేని పొగడ్తకు బరువు తక్కువ. ఇటాలియన్‌తో పోలిక కాబట్టి పొగిడినవాడు ఇటలీవాడైతే బాగుంటుంది. విజయనగరం వచ్చిన ఇటలీవాళ్లలో మనకు బాగా తెలిసిన పేరు కాంటి. ఇలాగే అతుక్కుని ఉంటుందని నా ఊహ. దీన్ని ఊహగానే చదవండి.

తెలుగులో ఈ జాగ్రత్త కోసమే ఒక చిన్న అక్షరం ఉంది. ‘వచ్చాడు’ అంటే చెప్పేవాడికి తెలుసు. ‘వచ్చాడట’ అంటే ఎవరో చెప్పగా విన్నాడు. పెద్దవాళ్లు ఈ ‘ట’ను ఎంత కచ్చితంగా వాడతారో గమనించండి. మా అమ్మమ్మ పక్కవీధి పెళ్లి గురించి చెప్పినా చూసింది వేరుగా, విన్నది వేరుగా చెప్పేది. అరుగు మీద మాటకు చెప్పిన మనిషి కూడా ఎదురుగా ఉంటాడు, ‘నీకెవరు చెప్పార్రా’ అని అడగొచ్చు. నెట్‌లో మనిషి వెనకే ఉండిపోయి మాట ఒక్కటే వస్తుంది. కాపీ అయిన ప్రతిసారీ వాక్యం కాస్త పొట్టి అవుతుంది. ముందు రాలేది ఆ ‘ట’.

పేరు పెద్దదైతే మాట దానివైపు జరగడం కొత్తేమీ కాదు. ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అనగానే శ్రీకృష్ణదేవరాయలు అంటాం. ఆముక్తమాల్యదలో అది రాయలు తన మాటగా అన్నది కాదు. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి చెప్పే పద్యంలోది. పైగా ఆ పాదం అంతకు ముందే క్రీడాభిరామం అనే కావ్యంలో ఉంది. ఇంటర్నెట్ ఈ అలవాటుకు వేగం ఇచ్చింది, అడ్డు తీసేసింది.

అదే జాబితాలో ఇంకొకటి: తెలుగు మాట్లాడితే శరీరంలో 72,000 న్యూరాన్లు చురుకవుతాయి, ఇది సైన్స్ రుజువు చేసింది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయి. ఏ భాషలో ఒక్క ముక్క మాట్లాడినా 72,000 ఏ మూలకూ చాలవు. కానీ ఆ అంకె మనకు పాతదే. బృహదారణ్యకోపనిషత్తులో 72,000 నాడులున్నాయి, హఠయోగ గ్రంథాల్లోనూ అంతే. ఎవరో నాడిని నెర్వ్ అనుకుని, నెర్వ్‌ను న్యూరాన్ చేసి, దాన్ని తెలుగుకు ముడిపెట్టి ఉంటారనిపిస్తుంది. ఉపనిషత్తు మాట ఉపనిషత్తులో అందంగానే ఉంది. దానికి సైన్స్ కోటు తొడిగి ఊరేగించడం రెండింటికీ అన్యాయం.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. 2008లో ఒక అమెరికా విద్యార్థి బ్రెజిల్ యాత్రలో కోవాటి అనే జంతువును చూసి ఆర్డ్‌వార్క్ అని పొరబడ్డాడు. తిరిగొచ్చాక ఇంగ్లిష్ వికీపీడియాలో, కోవాటిని ‘బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్’ అని కూడా అంటారని సరదాగా చేర్చాడు. కోవాటి రకూన్ జాతిది, ఆర్డ్‌వార్క్ ఆఫ్రికాది, రెంటికీ చుట్టరికం లేదు. కొన్నేళ్లలో ఆ పేరు బ్రిటిష్ పత్రికల్లోకి, ఒక విశ్వవిద్యాలయ ప్రెస్ వేసిన పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత అలాంటి రాతలనే వికీపీడియాలో ఆధారంగా చూపించారు. మాట పుట్టిన చోటికే సాక్ష్యంగా తిరిగొచ్చిందన్నమాట. కాంటి విషయంలోనూ మనం వెతికితే వందల పేజీలు వస్తాయి. వందమంది చెబుతున్నట్టు ధైర్యం కలుగుతుంది. పక్కపక్కన పెట్టి చదివితే అవే మాటలు, అదే వరుస, అవే అక్షరదోషాలు. అన్నీ ఒకే కాగితానికి జిరాక్సులు.

2018లో మన దేశంలో పుకార్లు నమ్మి మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత వాట్సాప్ ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా ఆపింది. ఫార్వర్డ్ అయిన సందేశం మీద ‘ఫార్వర్డెడ్’ అన్న ముక్క కనబడేలా చేసింది కూడా ఆ ఏడాదే. ఒక రకంగా మన ‘ట’ను మెషిన్‌తో తిరిగి అతికించినట్టే. కానీ కాపీ చేసి పేస్ట్ చేస్తే అదీ పోతుంది.

‘పోనీలేరా, మంచిమాటే కదా, ఎవరికి నష్టం’ అన్నారు మా బాబాయి. నష్టం ఉంది బాబాయ్ అన్నాను. పిల్లలు దీన్నే వక్తృత్వ పోటీల్లో చెబుతున్నారు. రేపు బయటివాళ్లెవరైనా పుస్తకం తెరిచి ఏ పేజీలో ఉందో చూపించమంటే తల దించుకోవాల్సింది వాళ్లు. తెలుగుకు చూపించగల ఆధారాలు లేకనా? కడప జిల్లా కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది, సుమారు 575 నాటిది. దాని పేరు ఆ జాబితాల్లో నాకు ఎప్పుడో గానీ కనబడలేదు.

ఈ ఏడాది ఆ జాబితా వచ్చినప్పుడు కోప్పడలేదు. కాంటి నిజంగా చెప్పించి రాయించినది మా గ్రూపులో పెట్టాను. ఇక్కడి పండుగల గురించిన ముక్క అది. ఒక పండుగకు గుళ్ల లోపల, పైకప్పుల మీద లెక్కలేనన్ని నూనె దీపాలు పెట్టి రాత్రింబవళ్లు వెలిగిస్తారట. ఇంకో పండుగకు మూడు రోజులపాటు దారి పక్కన కుంకుమపువ్వు నీళ్లు పెట్టి వచ్చేపోయేవాళ్ల మీద చల్లుతారట, రాజునూ రాణినీ కూడా వదలరట, అందరూ పగలబడి నవ్వుతారట.