సున్నా కాని అంకె

1956లో అమెరికాలోని బెథెస్డాలో, నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మిన్ చూ లీ అనే యువ వైద్యుడు పనిచేస్తుండేవారు. అక్కడికి కోరియోకార్సినోమా ఉన్న స్త్రీలు వచ్చేవారు. కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయ తాలూకు కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సర్ అది. చూస్తుండగానే ఊపిరితిత్తులకు పాకుతుంది. ఆ రోజుల్లో అంతదూరం పాకిందంటే ఆశ వదులుకోవలసిందే. లీ వాళ్లకు మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చి చూశారు. కొన్నాళ్లకు ఎక్స్‌రేలో గడ్డలు కనబడకుండా పోయాయి. పడకలో ఉన్న మనిషి లేచి తిరగడం మొదలుపెట్టింది. మరొకరైతే అక్కడితో మందు ఆపేసి ఇంటికి పంపేవారు.

లీ ఆపలేదు. ఆ క్యాన్సర్ కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. గర్భం ఉందో లేదో చూసే కిట్‌లో గీత పడేది కూడా ఈ హార్మోన్ వల్లే. రోగి మూత్రంలో దాని మోతాదు బాగా పడిపోయింది గానీ సున్నాకు చేరలేదు. గర్భం లేని మనిషిలో అది ఇంకా వస్తోందంటే, దాన్ని తయారుచేసే కణాలు ఎక్కడో మిగిలే ఉన్నాయన్నది ఆయన లెక్క. ఎక్స్‌రేకి ఒక సెంటీమీటరు గడ్డ కనబడాలంటే అందులో కోట్ల కణాలు ఉండాలి. హార్మోన్‌కు ఆ అవసరం లేదు. కానీ పైఅధికారులకు ఇది మింగుడుపడలేదు. కంటికి కనబడని జబ్బుకు ఒళ్లు గుల్లచేసే మందు ఇస్తున్నాడు, మనుషుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు అంటూ ఆయన్ని ఉద్యోగంలోంచి సాగనంపారు. ఆ తర్వాత గానీ అసలు సంగతి తేలలేదు. గడ్డ మాయం కాగానే మందు ఆపేసిన వాళ్లకు క్యాన్సర్ తిరగబెట్టింది. అంకె పూర్తిగా దిగేదాకా మందు తీసుకున్న వాళ్లు బతికి బయటపడ్డారు. 1972లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు అందుకున్న క్యాన్సర్ వైద్యుల్లో లీ కూడా ఉన్నారు.

రక్తంలోనో మూత్రంలోనో కొలిచే ఇలాంటి పదార్థాలను బయోమార్కర్లు అంటున్నాం. వాటిని మనం ఎక్కువగా అడిగే ప్రశ్న 'నాకు ఈ జబ్బు ఉందా?' అని. నిజానికి అవి అంతకంటే బాగా జవాబు చెప్పేది ఇంకో ప్రశ్నకు: 'ఈ జబ్బు ఎటు పోతోంది?' లీ చూసింది అంకెను కాదు, అంకె నడకను.

మధుమేహం అనే మాటలోనే ఒక పాత ల్యాబ్ పరీక్ష దాగి ఉంది. మూత్రంలో తేనె ఉందని ఆ పేరు చెబుతోంది. పేరు పెట్టినవాళ్ల దగ్గర పరికరాలు లేవు. మూత్రం చుట్టూ చేరిన చీమలే వాళ్లకు టెక్నీషియన్లు. 1776లో మాథ్యూ డాబ్సన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు ఒక రోగి మూత్రాన్ని ఆవిరి చేసి, అడుగున మిగిలింది చక్కెరేనని చూపించాడు. రోగి రక్తపు సీరం (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) కూడా తియ్యగానే ఉందని గమనించాడు. దాంతో తేడా మూత్రంలోనే మొదలవడం లేదని అర్థమైంది.

చక్కెర కాబట్టి దొరికింది. చాలా హార్మోన్లు అలా దొరకవు. ఒక మిల్లీలీటరు రక్తంలో గ్రాములో వందకోట్ల వంతు ఉంటే అదే ఎక్కువ. 1950ల చివర న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ దీనికో ఉపాయం కనిపెట్టారు. ఇన్సులిన్‌ను పట్టుకునే యాంటీబాడీలు అనే ప్రోటీన్లను బస్సులో సీట్లు అనుకోండి. రేడియోధార్మికత ఉన్న ఇన్సులిన్‌ను తెలిసిన మోతాదులో ముందే ఎక్కిస్తారు. ఆపైన రోగి రక్తం కలుపుతారు. రోగి ఇన్సులిన్ ఎంత ఎక్కువగా ఉంటే, రేడియోధార్మికత ఉన్న ఇన్సులిన్‌కు అన్ని సీట్లు తక్కువ. సీటు దొరక్క నిలబడ్డవాళ్లను లెక్కపెడితే కొత్తగా ఎక్కినవాళ్లు ఎందరో తెలిసిపోతుంది. ఈ పద్ధతికి యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. బెర్సన్ 1972లోనే చనిపోయారు. చనిపోయినవాళ్లకు ఆ బహుమతి ఇవ్వరు. ఇప్పుడు రేడియోధార్మికత బదులు ఎంజైములు, వెలుగునిచ్చే రసాయనాలు వాడుతున్నారు గానీ, థైరాయిడ్ పరీక్ష అయినా గుండె పరీక్ష అయినా యాంటీబాడీతో పట్టుకోవడమన్న కిటుకు మాత్రం అదే.

గుండె మాట వచ్చింది కాబట్టి ట్రోపోనిన్ దగ్గర కాసేపు ఆగుదాం. కండరం ముడుచుకోవడానికి వీలు కల్పించే ప్రోటీన్ ఇది. 1960లలో జపాన్‌లో సెత్సురో ఎబాషి బృందం దీన్ని కనిపెట్టింది. గుండె కండరంలో ఉండే ట్రోపోనిన్ రకం, చేతికాళ్ల కండరాల్లోని రకం కంటే కొంచెం వేరు. ఆ కొంచెం తేడానే పరీక్షకు ఆధారం. అంతకుముందు, 1954 నుంచి, గుండెపోటును గుర్తించడానికి ఏఎస్‌టీ అనే ఎంజైమ్‌ను కొలిచేవారు. కానీ అది లివర్ దెబ్బతిన్నా పెరుగుతుంది, మామూలు కండరం నలిగినా పెరుగుతుంది. ట్రోపోనిన్ అలా కాదు. గుండె రకం రక్తంలో మామూలును మించిందంటే గుండె కణాలకు ఏదో అయిందనే.

ఏమైందో మాత్రం అది చెప్పదు. రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. గుండె కండరానికి వైరస్ సోకి ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన రక్తం అడ్డుపడి ఉండొచ్చు. మారథాన్ పరుగెత్తిన వాళ్లలో కూడా కొన్ని గంటలపాటు పెరుగుతుంది. కిడ్నీలు పాడై డయాలిసిస్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఏ నొప్పీ లేని రోజున కూడా ఎక్కువే ఉంటుంది. ఇప్పటి పరీక్షలు ఎంత సున్నితమైనవంటే ఆరోగ్యవంతుల రక్తంలో ఉండే కాస్త ట్రోపోనిన్‌ను కూడా కొలుస్తాయి. అందుకే ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ల రక్తం ఒకసారి తీసి ఊరుకోరు. గంటకో, రెండు మూడు గంటలకో మళ్లీ తీస్తారు. ఉదాహరణకు ఒకరికి మొదట 60, తర్వాత 61 వచ్చింది. ఇంకొకరికి మొదట 9, తర్వాత 40. మొదటి వ్యక్తి అంకె పెద్దది, కానీ కదలడం లేదు. అది పాత సంగతి అయ్యే అవకాశమే ఎక్కువ. డాక్టర్లు పరుగెత్తేది రెండో మనిషి దగ్గరికి. మొదటి రిపోర్టు ఒక్కటే చూసి ఉంటే ఆ మనిషిని ఇంటికి పంపేసేవారు. (ఈసీజీలోనే గుండెపోటు స్పష్టంగా కనబడితే ట్రోపోనిన్ కోసం ఎవరూ ఆగరు, ఆగకూడదు.)

ట్రోపోనిన్ గంటల్లో కదిలితే, హెచ్‌బీఏ1సీ అనే షుగర్ పరీక్ష నెలల కథ చెబుతుంది. రక్తంలో తిరిగే గ్లూకోజ్ ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు మెల్లగా అంటుకుంటుంది. అంటుకున్నది వదలదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, ఎంత శాతం హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటిందో చూస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఈ తరహా హిమోగ్లోబిన్ ఎక్కువని 1968లో టెహరాన్‌లో శామ్యూల్ రహబార్ గుర్తించారు. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టుకుని వెళ్తే పరగడుపు షుగర్ తగ్గుతుందేమో గానీ ఇది లొంగదు. 6.5 శాతం, ఆపైన ఉంటే డయాబెటిస్ అంటారు.

దీనికీ ఓ బలహీనత ఉంది. లెక్కంతా ఎర్రకణం ఆయుష్షు మీద ఆధారపడింది. ఏ జబ్బు వల్లనైనా కణాలు తొందరగా చితికిపోతుంటే, చక్కెర అంటుకునే వ్యవధి ఉండదు, అంకె తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే చక్కెరతో సంబంధం లేకుండా కాస్త పెరగొచ్చు. ఇలాంటివాళ్లలో ఒక్క హెచ్‌బీఏ1సీనే నమ్ముకోవడం పొరపాటు.

ఇక రిపోర్టులో నార్మల్ దాటిన అంకె పక్కన పడే నక్షత్రం గుర్తు సంగతి. అది కనబడగానే టెన్షన్ మొదలవుతుంది. నార్మల్ రేంజ్ ఎలా తయారవుతుందో తెలిస్తే ఆ టెన్షన్ కొంత తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న కొన్ని వందల మంది రక్తం కొలిచి, మధ్యలో పడే 95 శాతం మంది విలువలను నార్మల్ అని పేరు పెడతారు. అంటే ఏ జబ్బూ లేని ప్రతి 20 మందిలో ఒకరు ఆ గీత బయట ఉండాలని ముందే రాసిపెట్టినట్టు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే, నిక్షేపంలా ఉన్న మనిషికి కూడా కనీసం ఒక నక్షత్రం పడే అవకాశం 64 శాతం. ఫుల్ బాడీ చెకప్ పేరుతో 70, 80 అంకెలు చేతికొచ్చినప్పుడు, ఒక్క నక్షత్రమూ లేకపోవడమే వింత.

నక్షత్రం లేకపోవడం కూడా ఒక్కోసారి మోసమే. కండరాల్లో తయారై కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం క్రియాటినిన్. ఒకరికి ఎప్పుడూ 0.7 ఉండేది, వారంలోనే 1.1 అయింది. రెండూ చాలా ల్యాబుల్లో పురుషులకు నార్మల్ రేంజ్‌లోనే ఉంటాయి. రిపోర్టు నిశ్శబ్దం. కానీ ఏడు రోజుల్లో ఒకటిన్నర రెట్లు పెరగడాన్ని వైద్యులు కిడ్నీకి తగిలిన హఠాత్ దెబ్బగా లెక్కిస్తారు. కండ ఎక్కువున్న యువకుడికి 1.3 మామూలే కావచ్చు. బక్కచిక్కిన ముసలామెకు 1.0 కూడా ఆలోచించాల్సిన అంకె. పైగా కిడ్నీల వడపోత శక్తి సగానికి పడిపోయేదాకా కొందరిలో క్రియాటినిన్ గీత దాటదు. నేనైతే పాత రిపోర్టులను పారేయవద్దంటాను. మీ నార్మల్ ఏమిటో ల్యాబుకు తెలియదు, ఆ పాత కాగితాలకే తెలుసు.

ఒకే మార్కర్ ఒక పనిలో దిట్టై, మరో పనిలో అయోమయం కావడం చూడాలంటే పీఎస్‌ఏ కంటే మంచి ఉదాహరణ లేదు. మగవాళ్లలో ఉండే ప్రోస్టేట్ గ్రంథి మాత్రమే దాదాపుగా తయారుచేసే ప్రోటీన్ ఇది. క్యాన్సర్ వచ్చినా పెరుగుతుంది, వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. ఏ లక్షణమూ లేనివాళ్లందరికీ ఇలాంటి పరీక్ష చేస్తే ఏమవుతుందో ఊహించిన అంకెలతో చూద్దాం. వెయ్యి మందిలో పది మందికే జబ్బు ఉంది. పరీక్ష జబ్బున్న వాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని వాళ్లలో 95 శాతం మందికి సరిగ్గా లేదనే చెబుతుంది. వినడానికి గొప్ప పరీక్షే. కానీ పది మందిలో తొమ్మిది మంది దొరికితే, మిగతా 990 మందిలో సుమారు 50 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. మొత్తం 59 మంది భయపడితే అందులో నిజంగా జబ్బున్నవాళ్లు తొమ్మిది మందే. ప్రోస్టేట్ విషయంలో ఇంకో చిక్కుంది: దొరికిన క్యాన్సర్లలో కొన్ని ఎంత నెమ్మదివంటే మనిషిని ఎన్నటికీ బాధపెట్టవు, వాటికి చేసే ఆపరేషన్ మాత్రం బాధపెడుతుంది. అమెరికాలోని నిపుణుల బృందం 2012లో పీఎస్‌ఏ స్క్రీనింగ్ వద్దంది. 2018లో మాట సడలించి, 55 నుంచి 69 ఏళ్ల వాళ్లు డాక్టర్‌తో మాట్లాడి ఎవరికి వారు నిర్ణయించుకోవాలంది.

అదే పీఎస్‌ఏ, ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశాక చూడండి. తయారుచేసే చోటే లేదు కాబట్టి కొన్ని వారాల్లో దాదాపు సున్నాకు దిగాలి. దిగి, మళ్లీ 0.2కు ఎక్కి, రెండోసారి కొలిచినా తగ్గకపోతే క్యాన్సర్ తిరిగొచ్చిందని అనుమానిస్తారు. స్కాన్‌లో ఏమీ కనబడక ముందే తెలిసిపోతుంది. మారింది ప్రోటీన్ కాదు, దాన్ని అడిగిన ప్రశ్న.

అంకె తప్పడానికి జబ్బే అక్కర్లేదు. సూదితో రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే లోపలి పొటాషియం బయటపడి, లేని ప్రమాదం రిపోర్టుకెక్కుతుంది. కార్టిసాల్ అనే హార్మోన్ ఉదయం ఎక్కువ, అర్ధరాత్రి తక్కువ. జుట్టు కోసం మింగే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని పరీక్షలను తారుమారు చేస్తాయి. బయోటిన్‌ను జిగురులా వాడే పద్ధతుల్లో ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువ కనబడొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. వేసుకునే మాత్రలన్నీ డాక్టర్‌కు చెప్పమనడంలో ఇదీ ఒక కారణం.

లీ అడిగిన ప్రశ్ననే ఇవాళ హార్మోన్ లేని క్యాన్సర్లకూ అడుగుతున్నారు. చనిపోయే క్యాన్సర్ కణాల డీఎన్‌ఏ ముక్కలు రక్తంలో తేలుతుంటాయి. ఆ గడ్డలో ఉన్న మార్పులే ఆ ముక్కల్లోనూ ఉంటాయి కాబట్టి గుర్తుపట్టవచ్చు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో రెండో దశ పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 455 మందిని తీసుకున్నారు. కొందరికి కీమోథెరపీ ఇవ్వాలా వద్దా అన్నది ఎప్పటిలాగే డాక్టర్ల అంచనాకు వదిలేశారు. మిగతావాళ్లకు నాలుగో వారం, ఏడో వారం రక్తం తీసి, డీఎన్‌ఏ ముక్కలు దొరికితేనే కీమో ఇచ్చారు. మొదటి గుంపులో 28 శాతం మందికి కీమో పడితే, రెండో గుంపులో 15 శాతం మందికే పడింది. రెండేళ్ల తర్వాత చూస్తే, క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు రెండు గుంపుల్లోనూ 92, 93 శాతం చొప్పున దాదాపు సమానం. ఆనాడు అంకె సున్నా కాలేదని మందు కొనసాగింది. ఇక్కడ సున్నా అయిందని చాలామందికి మందు తప్పింది.

అయితే ఆ సున్నా ఆ పరీక్షకు అందినంత వరకే సున్నా. ఏమీ దొరకని వాళ్లలోనూ కొందరికి క్యాన్సర్ తిరిగొచ్చింది. అందుకే పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయి రిపోర్టు శుభ్రంగా వచ్చినవాళ్లను కూడా కొన్ని నెలలకోసారి రమ్మని, సీఈఏ అనే మరో మార్కర్ కోసం రక్తం తీసి, పాత అంకె పక్కన కొత్త అంకె రాసిపెడతారు.