బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోందా? డిస్కు మీద నేరం మోపే ముందు…

తిరుపతిలో కార్ల షెడ్ పెట్టుకున్నవాడికి బ్రేకుల పనికి కొదవుండదు. కొండెక్కిన ప్రతి బండీ మళ్ళీ దిగాలి కదా. దిగే ఘాట్ రోడ్డు 19 కిలోమీటర్లు, 36 మలుపులు. సోమవారం పొద్దున షెడ్ తెరిచేసరికి తమిళనాడు బండో, కర్ణాటక బండో గేటు దగ్గర నిలబడి ఉంటుంది. "అన్నా, బ్రేకు తొక్కితే స్టీరింగ్ కొట్టుకుంటా ఉంది. డిస్కులు బెండైనట్టుండాయి, మార్చెయ్." జబ్బూ వాళ్ళే చెప్తారు, మందూ వాళ్ళే రాసిస్తారు. మొదట్లో నేనూ అడిగినట్టే మార్చి పంపేవాణ్ణి. వాటిలో కొన్ని మూణ్ణెల్లకే తిరిగొచ్చి నా పరువు తీశాయి. అప్పుడు కొన్నాను డయల్ గేజ్, అంటే కంటికి కనపడని వంకరను ముల్లుతో చూపించే కొలత పరికరం.

అపోహ: వేడికి డిస్కు వంగింది, అందుకే వణుకు

డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం, బ్రేకు తొక్కితే ప్యాడ్లు దాన్ని రెండు పక్కలా పట్టుకుని ఆపుతాయి. అసలు వంగవని అనను. ఘాట్ దిగి కాగిపోయిన చక్రం మీద పైపుతో చల్లనీళ్ళు కొట్టించుకున్న బళ్ళలో చూశాను. కానీ "వంగింది" అని తెచ్చినవాటిని కొలిస్తే ఎక్కువసార్లు బయటపడేది వేరే సంగతి. డిస్కు మందం చుట్టూ ఒకేలా ఉండదు. ఒకచోట 19.98 మిల్లీమీటర్లు, ఎదురు పక్క 19.96. తేడా 0.02, అంటే తల వెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. ఇంత దానికే వణుకుతుందా అని అందరూ అడుగుతారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మామూలు చిన్న కారు చక్రం సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. మందంగా ఉన్న చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చిన ప్రతిసారీ, ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. ఆ దెబ్బ బ్రేక్ ఆయిల్ గుండా పెడల్‌కి వస్తుంది. బ్రేకు పట్టు పెరుగుతూ తగ్గుతూ చక్రాన్ని గుంజి వదులుతూ ఉంటుంది. సెకనుకు 14 గుంజుళ్ళంటే చేతికి తెలియకుండా పోతుందా?

ఈ తేడా ఎలా వస్తుందో మా ఊళ్ళో రోజూ చూస్తాం. కొండ దిగే బండి 40 నిమిషాలలోపు కిందికి చేరకూడదని నిబంధన ఉంది. కొందరు మలుపుల్లో బ్రేకు మీద బ్రేకు కొట్టుకుంటూ గబగబా దిగేస్తారు. తీరా టైమ్ కాలేదని చివర్లో పక్కన ఆపి, కాలు పెడల్ మీదే పెట్టుకుని కూర్చుంటారు. కాగిన డిస్కును కాగిన ప్యాడు ఒకేచోట కరుచుకుని ఉంటే, పెనం మీద దోసె అంటుకుపోయినట్టు ప్యాడు పదార్థం అక్కడ అంటుకుంటుంది. చక్రం విప్పి చూస్తే డిస్కు మీద ప్యాడు ఆకారంలోనే నల్లటి మచ్చ కనిపిస్తుంది. పలచగా అంటుకుంటే గరుకు కాగితంతో పోతుంది. అలాగే తిప్పుకుంటూ పోతే మచ్చ ఉన్నచోట మరింత వేడెక్కి, కింది ఇనుము కూడా గట్టిపడుతుంది. అప్పుడు లేత్ పట్టించినా, అంటే యంత్రం మీద తిప్పి డిస్కు పైపొర కోయించినా, ఆ చోటు సరిగ్గా కోతకు రాదు.

దిగేటప్పుడు రెండో గేరులో ఉంచండి, ఆటోమేటిక్ అయితే కింది గేరులో. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా పట్టి వేగం తగ్గాక పూర్తిగా వదిలేయండి. కిందికి వచ్చాక వెంటనే ఆపకుండా ఒకటి రెండు కిలోమీటర్లు మెల్లగా నడిపితే గాలికి చల్లబడతాయి.

అపోహ: కొత్త డిస్కులు వేస్తే ఆ బాధ తీరిపోతుంది

పోయినేడు పుత్తూరు నుంచి ఒక అయ్యవారు వచ్చారు, రిటైరైన లెక్కల మాస్టారు. బండి తొమ్మిదేళ్ళది, ముద్దుగా చూసుకుంటారు. ఏడాదిలో రెండుసార్లు వేరేచోట ముందు డిస్కులు మార్పించారట. మార్చిన ప్రతిసారీ నాలుగైదు నెలలు బాగుండడం, మళ్ళీ వణుకు. "నకిలీ సరుకు కాదు నాయనా, బిల్లులున్నాయి చూడు" అని ఫైలు తీశారు. తేదీలవారీగా, కిలోమీటర్లతో సహా రాసిపెట్టుకున్నారు.

ఆ లెక్కలే నాకు పని చేసిపెట్టాయి. వణుకు తొలిరోజునే వస్తే ఒక కారణం, నాలుగైదు వేల కిలోమీటర్ల తర్వాత వస్తే ఇంకో కారణం. చక్రం విప్పి, డిస్కు కదలకుండా వాషర్లు పెట్టి నట్లు బిగించాను. గేజ్ స్టాండును చక్రంతో పాటు తిరగని స్టబ్‌కు ఆనించి, ముల్లు మొనను డిస్కు అంచుకు ఒక సెంటీమీటరు లోపల పెట్టి, చేత్తో మెల్లగా తిప్పాను. ముల్లు 0.14 మిల్లీమీటర్ల దాకా ఊగింది. చాలా కార్లకు కంపెనీ ఒప్పుకునేది 0.05 నుంచి 0.10 లోపే. అయ్యవారు కళ్ళద్దాలు సవరించుకుని, "పద్నాలుగు గీతలు" అని తనే చదివారు.

డిస్కుకూ, అది కూర్చునే హబ్‌కూ సుద్దముక్కతో గుర్తు పెట్టి, డిస్కు ఊడదీశాను. హబ్ ముఖం మీద ఒక బోల్టు పక్కన తుప్పు పెచ్చు కట్టి ఉంది. గోరంత కూడా లేదు. కానీ నడిమికి దగ్గరగా ఉన్న పెచ్చు డిస్కు అంచుకు వచ్చేసరికి ఇంచుమించు రెట్టింపు వంకర చూపిస్తుంది. వైర్ బ్రష్, గరుకు కాగితం పెట్టి హబ్ ముఖం, డిస్కు లోపలి ముఖం రెండూ ఇనుము మెరిసేదాకా గీకాం. మళ్ళీ బిగించి కొలిస్తే 0.03.

ఇందులో అసలు కిటుకు ఏంటంటే, కొత్త డిస్కు వంకరగా కూర్చున్నా మొదటిరోజు ట్రయల్‌లో ఏమీ తెలియదు. కాలిపర్ జారుతూ సర్దుకుంటుంది, బండి వెన్నలా ఆగుతుంది, మెకానిక్‌కు డబ్బులొస్తాయి. ఆ తర్వాత బ్రేకు తొక్కకుండా నడిపే ప్రతి కిలోమీటరూ డిస్కులో ఎత్తుగా ఉన్న చోటు ప్యాడును రాసుకుంటూ పోతుంది. రాసుకున్నచోట అరుగుతుంది. నాలుగైదు నెలలకు మందంలో తేడా వచ్చి వణుకు మొదలవుతుంది. అప్పుడు మళ్ళీ డిస్కులు మారుస్తారు, హబ్ మాత్రం అలాగే ఉంటుంది.

అయ్యవారి డిస్కుల్లో ఇంకా మందం ఉంది కాబట్టి పలచగా లేత్ పట్టించి అవే వేశాను. గేజ్‌కు పెట్టిన ఖర్చు మూడు వేలు చిల్లర. ఒక్క సెట్టు డిస్కుల ధర చూసుకోండి.

శుభ్రం చేసినా 0.10 దాటి ఊగుతుంటే, డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు తిప్పి బిగించి చూస్తాను. నాలుగు బోల్టుల బండికి నాలుగు చోట్లు. ఒకచోట తక్కువ రావచ్చు. ఎక్కడా తగ్గకపోతే హబ్ లేదా వీల్ బేరింగ్ అనుమానించాలి.

అపోహ: టైరు షాపుకూ బ్రేకుకూ ఏం సంబంధం?

చాలా ఉంది. ఎయిర్ గన్‌తో ఒక నట్టు ఇష్టమొచ్చినంత బిగించి, పక్కది వదులుగా వదిలేస్తే డిస్కు హబ్ మీద సమంగా కూర్చోదు. చిన్న కార్ల నట్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య చెప్తారు, మీ బండి పుస్తకంలో ఉంటుంది. వరసగా కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. గన్‌తో కానిచ్చేసే కుర్రాడితో గొడవ ఎందుకులే అనుకుంటే, కనీసం చివరి బిగింపు చేతి రెంచ్‌తో వేయమనండి.

ఒక్క హెచ్చరిక. టైరు విప్పించుకున్న రోజో మర్నాడో బండి ఊగడం మొదలై, బ్రేకు తొక్కకపోయినా పెరుగుతూ ఉంటే ముందు పక్కకు ఆపి నట్లు చూసుకోండి. అది వణుకు కాదు, చక్రం ఊడబోతున్న లక్షణం కావచ్చు.

అపోహ: స్టీరింగ్ వణికితే ముందు బ్రేకులది, సీటు వణికితే వెనక బ్రేకులది

ఇది సగం నిజం. ఊహ మొదలుపెట్టడానికి పనికొస్తుంది, బిల్లు రాయడానికి పనికిరాదు. వెనక డిస్కుల బదులు గుండ్రటి డబ్బాల్లాంటి డ్రమ్ములున్న బళ్ళలో నేను చేసే పరీక్ష ఇది: ఖాళీగా, తిన్నగా, పొడిగా ఉన్న రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, 40 వేగంలో హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకునే మెల్లగా లాగాలి. వణుకు వస్తే డ్రమ్ము గుండ్రంగా లేదన్నమాట. వెనక కూడా డిస్కులుంటే ఈ పరీక్షను నమ్మకండి. కొన్నింట్లో హ్యాండ్‌బ్రేక్‌కు డిస్కు నడిమిలో వేరే చిన్న డ్రమ్ము ఉంటుంది. బటన్ నొక్కే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే అసలు ప్రయత్నించకండి.

ఇంకో మెలిక: చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షులు చిరిగితే, కొత్త బండిలో తెలియనే తెలియని చిన్న వణుకు చేతుల్లోకి పెద్దదై వస్తుంది. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో ముందు బుష్షు, బాల్ జాయింట్, బేరింగ్ ఆడుతున్నాయేమో చూసి, ఆ తర్వాతే డిస్కు దగ్గరికి వెళ్తాను.

అపోహ: అలైన్‌మెంట్ చేయిస్తే పోతుంది

పోదు. బ్రేకు తొక్కకుండానే 80–100 మధ్య వణికితే బ్యాలెన్సింగ్ చూడాలి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణికితే ఇంజను శక్తిని చక్రాలకు అందించే డ్రైవ్ షాఫ్ట్. బ్రేకు తొక్కినప్పుడు వణికి, వదలగానే ఆగిపోతే బ్రేకులది.

అపోహ: పెడల్ టకటకా కొడితే బ్రేకు పాడైనట్టే

ఇసుక మీదో, తడి రోడ్డు మీదో గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కాలిని తంతే, చక్రం బిగుసుకుని జారకుండా బ్రేకును పట్టి వదిలే ఏబీఎస్ పని చేస్తోందన్నమాట. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు, కాబట్టి పాత బండి అమ్మి కొత్తది కొన్నవాళ్ళు మొదటిసారి ఉలిక్కిపడతారు. భయపడి కాలు తీయకండి, నొక్కే ఉంచండి. పొడి రోడ్డు మీద మెల్లగా ఆగుతున్నప్పుడు, చివరి ఐదారు అడుగుల్లో తంతే మాత్రం చక్రం దగ్గరి సెన్సరో దాని పళ్ళ రింగో చూపించాలి.

అపోహ: డిస్కు మీద తుప్పు కనబడింది, పోయినట్టే

రాత్రి వాన పడితే పొద్దునకు ఎర్రగా అవుతుంది, రెండు బ్రేకులకు తుడుచుకుపోతుంది. నెలల తరబడి నిలబెట్టిన బళ్ళ సంగతి వేరు. కొడుకు అమెరికా నుంచి సెలవులకు వచ్చినప్పుడు తప్ప తీయని కారు మా వీధిలోనే రెండున్నాయి. అలాంటి వాటిలో ప్యాడు ఆనిన చోట తుప్పు పట్టు కట్టి, వాళ్ళు ఎయిర్‌పోర్టు నుంచి ఇల్లు చేరేలోపే ఫిర్యాదు వస్తుంది. నాన్నగారు వారానికోసారి వీధి చివరిదాకా నడిపి, నాలుగు బ్రేకులు వేసి తెచ్చి పెడితే చాలు.

అపోహ: లేత్ పట్టిస్తే డిస్కు పాడైపోతుంది

డిస్కు మీద కనీస మందం అంకె కొట్టి ఉంటుంది. కొత్తది 20 మిల్లీమీటర్లు ఉంటే అది 18 దగ్గర ఉండొచ్చు. కోత అయ్యాక కూడా దానికి పైన ఉంటే నిశ్చింతగా లేత్ పట్టించవచ్చు, లేకపోతే పారేయడమే. ఒక్కటే షరతు, హబ్ శుభ్రం చేయకుండా లేత్ పట్టిస్తే అయ్యవారి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

అపోహ: కొత్త ప్యాడ్లు వేశారు, ఇక నేరుగా కొండకే

వద్దు. కొత్త ప్యాడు డిస్కు మీద సమంగా పలచటి పొర పరచుకోవాలి. పొద్దున్నే రేణిగుంట రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 50 నుంచి 15 దాకా మోస్తరుగా పది పన్నెండు బ్రేకులు వేస్తాను, మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆపను. తర్వాత బ్రేకు తాకకుండా కాసేపు నడిపి చల్లారనిస్తాను. ఇరవై నిమిషాల పని. "పెట్రోలు కాల్చి షికారు కొడుతున్నాడు" అని బయట కూర్చున్నవాళ్ళు అనుకుంటారని నాకు తెలుసు. ఈ మధ్య వాళ్ళనే పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తున్నాను.