పై వరస పాడే పిల్లలు

చి. హాసినికి, చి. వంశీకి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ లండన్‌లో మీ పెద్దమ్మ, పెదనాన్న, నేను అందరం కులాసా. మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ ఫోను లాక్కుంటూ అడిగిన ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఒకరు అడుగుతుంటే ఇంకొకరు అడ్డం వస్తే ఎవరికని చెప్పను? అందుకే ఈ ఉత్తరం. ఇద్దరికీ ఒకటే, చింపి పంచుకోకండి.

మీరు చూసిన వీడియో 2023 మే 6న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే పెద్ద చర్చిలో జరిగిన ఛార్లెస్ రాజు పట్టాభిషేకం. ఎర్ర రంగు పొడుగు అంగీలు, వాటి మీద తెల్లటి వదులు చొక్కాలు వేసుకున్నవాళ్ళు ఆ అబ్బే గాయక బృందంలోని పిల్లలు. ఇక్కడ వాళ్ళను కోరిస్టర్లు అంటారు. ముప్పై మంది దాకా ఉంటారు, ఎనిమిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ లోపు వాళ్ళు. "వెనకాల నిలబడ్డ అంకుల్స్ వాళ్ళ టీచర్లా?" అని కదా వంశీ అడిగాడు. కాదు నాన్నా. వాళ్ళు తోటి పాటగాళ్ళు. పన్నెండు మంది, లే వికర్లు అంటారు. పాట వాళ్ళకు ఉద్యోగం. అబ్బేలో పాడతారు, మిగతా వేళల్లో కచేరీలు, రికార్డింగులు, పాఠాలు చెప్పుకోవడం. వాళ్ళలో ఎవరికైనా వేరే ప్రోగ్రాం పడితే బదులుగా ఇంకో గాయకుణ్ణి పంపిస్తారు. పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. రేపు నా బదులు మా తమ్ముడు వస్తాడంటే కుదరదు.

వీళ్ళకూ వాళ్ళకూ సంబంధం ఏమిటో తెలియాలంటే పాట ఎలా కట్టారో తెలియాలి. మన భజనలో వంద మంది ఉన్నా అందరిదీ ఒకటే వరస. మన చర్చిల్లో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలూ అంతే, పురుషోత్తమ చౌధరిగారి లాంటివాళ్ళు రాసినవి. పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి, అందరూ కలిసి ఎత్తుకుంటారు. ఇక్కడ అలా కాదు. ఒకే పాటకు నాలుగు వరసలు, నాలుగూ ఒకేసారి నడుస్తాయి. అడుగున బేస్, దాని పైన టెనర్, ఆ పైన ఆల్టో. ఆల్టో పాడేది కూడా చాలాసార్లు మగవాళ్ళే, గొంతును సన్నం చేసుకుని పై స్థాయిలో పాడతారు. మొదటిసారి విన్నప్పుడు ఎవరా అని తల తిప్పి చూశాను. అన్నిటికంటే పైన ఉండే వరస పిల్లలది. దాన్ని ట్రెబుల్ అంటారు. ఆ వరస పాడటానికి వెనకున్న పన్నెండు మందిలో ఒక్కరూ లేరు. పిల్లల శ్రుతి జారితే బృందం మొత్తం జారినట్టే. "పోనీలెండి పాపం, చిన్నపిల్లలు" అనే మాట అక్కడ చెల్లదు. మన స్కూళ్ళలో యానివర్సరీ రోజున పిల్లల పాటంటే, ఎలా పాడినా చప్పట్లు కొట్టి ముద్దు చేస్తాం. అబ్బేలో ముద్దు చేసేవాళ్ళెవరూ లేరు. చప్పట్లు కూడా లేవు, అది ప్రార్థన కాబట్టి. పాట అయిపోతుంది, అందరూ వరుసగా నడిచి వెళ్ళిపోతారు.

ఆ పిల్లలకు స్కూలు ఉండదా అని కూడా అడిగారు కదా. ఉంది, అబ్బే పక్కనే. కోరిస్టర్ల కోసం మాత్రమే నడిచే స్కూలు ఈ దేశంలో అదొక్కటే. పిల్లలు అక్కడే హాస్టల్లో ఉంటారు. ఏడెనిమిదేళ్ళప్పుడు గొంతు పరీక్ష పెడతారు. వచ్చిన పాట ఒకటి పాడిస్తారు, చప్పట్లతో ఒక లయ కొట్టి తిరిగి కొట్టమంటారు, పియానో మీద మూడు స్వరాలు ఒక్కసారిగా నొక్కి మధ్య స్వరం పాడమంటారు. ఇంతకుముందే ఎంత నేర్చుకున్నాడన్నది కాదు, చెవి ఉందా అని చూస్తారు. చేరాక పొద్దున క్లాసులకు ముందే పాట ప్రాక్టీసు. తర్వాత లెక్కలు, ఇంగ్లీషు, ఆటలు, పియానోతో పాటు ఇంకో వాయిద్యం. సాయంత్రం పెద్దవాళ్ళతో కలిపి కాసేపు రిహార్సల్, ఐదింటికి ఈవెన్‌సాంగ్ అనే సాయంకాల ప్రార్థన. మర్నాడు మళ్ళీ అంతే, కానీ పాటలు వేరే. నాకు ఆశ్చర్యం వేసింది ఇక్కడే. మన దగ్గర ఒక కృతి నేర్చుకోవాలంటే నెల పడుతుంది, ఆ నెలంతా అదే. వీళ్ళు పొద్దున నోట్స్ చూసి సాయంత్రం పాడేస్తారు. చూసి పాడటం అనే విద్య మనకు ఇంత అలవాటు లేదు. వాళ్ళకు మన గమకం లేదనుకోండి, ఆ లెక్కలు నేను వెయ్యను.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. చిన్నప్పుడు ఒక కెథడ్రల్‌లో, అంటే బిషప్పుగారి పెద్ద చర్చిలో, కోరిస్టర్‌గా పాడారు. టీ తాగుతూ ఆయన చెప్పిన సంగతి ఒకటి మీకు చెప్పి తీరాలి. ప్రాక్టీసులో ఎవరికైనా స్వరం తప్పిందనుకోండి, పాట ఆగదు. తప్పిన పిల్లవాడు పాడుతూనే చెయ్యి పైకెత్తి దించేస్తాడు. తప్పు నాదే, నాకు తెలిసింది, ఈసారి సరిచేసుకుంటాను అని దానర్థం. మాస్టారు చూసి తలాడించి ముందుకు పోతారు. తిట్టడం లేదు, వివరణ లేదు. తప్పు వినబడి కూడా ఎవరూ చెయ్యెత్తకపోతేనే ఆయన ఆపుతారు. చేసినవాడికే తెలియలేదన్నమాట, అప్పుడు చెప్పాలి కదా. పెద్ద గాయకులు కూడా చెయ్యెత్తుతారట! నా క్లాసులో ఈ పద్ధతి పెట్టి ఉంటే సగం టైము మిగిలేది. "నేను కాదు టీచర్, వాడే" అనే పంచాయితీలు ఎన్ని తీర్చానో మీ అమ్మనడగండి.

చిన్నవాళ్ళకు నేర్పేది కూడా సగం మాస్టారు, సగం పక్కవాడు. కొత్తగా చేరిన ఎనిమిదేళ్ళవాణ్ణి పన్నెండేళ్ళవాడి పక్కన నిలబెడతారు. ఇద్దరికీ ఒకటే పుస్తకం. పెద్దవాడు పాడుతూనే ఎక్కడున్నామో వేలుతో చూపిస్తాడు, ఊపిరి తీసే చోట మోచేత్తో చిన్నగా పొడుస్తాడు. ఊపిరికీ ఒక లెక్కుంది. పొడుగు వాక్యం వచ్చినప్పుడు పక్కపక్కనున్న ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీయకూడదు, అప్పుడే వినేవాళ్ళకు గొంతు తెగినట్టు అనిపించదు. మాట చివర "స్" వస్తే ఇంకా కష్టం. అంత పెద్ద రాతి కట్టడంలో చిన్న చప్పుడు కూడా తిరుగుతూ ఉంటుంది. ఒక్కడు తొందరపడి ముందుగా "స్" అన్నాడంటే అందరికీ వినబడుతుంది. అందుకే "స్" ఎప్పుడు వదలాలో కూడా పెన్సిలుతో రాసుకుంటారు.

హాసినీ, నీకు నచ్చేది కీర్తనల భాగం. బృందం రెండుగా చీలి, నడవాకు రెండు పక్కలా ఎదురెదురుగా ఉంటుంది. చిన్న చిన్న ఎర్ర షేడ్ల దీపాల ముందు పుస్తకాలు. దక్షిణం వైపువాళ్ళది డెకేనై, ఉత్తరం వైపువాళ్ళది కాంటోరిస్. రెండు వైపులా పిల్లలూ పెద్దలూ ఉంటారు. బైబిల్లోని కీర్తనలను ఒక వచనం వీళ్ళు, ఒక వచనం వాళ్ళు పాడతారు. తాళం ఉండదు. మన పౌరాణిక నాటకంలో పద్యం పాడినట్టే, మాట ఎంతసేపు పడితే స్వరం అంతసేపు. కానీ పద్యం పాడేది ఒక్కడు, ఇక్కడ ఇంతమంది తాళం లేకుండా ఒక్క నోటితో కదలాలి. పాత ప్రార్థన పుస్తకం 150 కీర్తనలనూ నెలలో 30 రోజులకు, పొద్దునకూ సాయంత్రానికీ పంచేసింది. 15వ తేదీ సాయంత్రం వాటాకు వచ్చేది 78వ కీర్తన, 73 వచనాలు! ఇప్పుడు అన్ని చోట్లా ఆ లెక్కన పాడరు గానీ, మా పక్కింటాయనకు ఇప్పటికీ పదిహేనో తేదీ అంటే టెన్షనే.

ఇంత చెప్పానని అక్కడంతా బంగారం అనుకోకండి. ఎనిమిదేళ్ళ పిల్లల్ని హాస్టల్లో వెయ్యడానికి నాకైతే మనసొప్పదు. క్రిస్మస్ రోజున కూడా ఆ పిల్లలు పాడాల్సిందే, ఇంటికి వెళ్ళేది ఆ తర్వాతే. పాత రోజుల్లోనైతే మరీ అన్యాయం. రాణిగారి సొంత ప్రార్థనల్లో పాడే చాపెల్ రాయల్ బృందానికి పిల్లలు కావాలంటే ఎక్కడివాళ్ళనైనా పట్టుకుపోవచ్చని అధికార పత్రం ఉండేది. 1600 డిసెంబరులో థామస్ క్లిఫ్టన్ అనే పదమూడేళ్ళవాణ్ణి బడికి వెళ్తుంటే దారిలో ఎత్తుకుపోయారు. తీరా అది పాటక్కూడా కాదు, బ్లాక్‌ఫ్రయర్స్ నాటకశాలలో వేషాలు వేయించడానికి! తండ్రి పలుకుబడి ఉన్నవాడు కాబట్టి మర్నాటికి విడిపించుకుని ఫిర్యాదు పెట్టాడు. పలుకుబడి లేని తండ్రులు ఏం చేసి ఉంటారో మీరే ఊహించుకోండి.

ఇక్కడే మీకు ఒకావిడ గురించి చెప్పాలి. మరియా హాకెట్. 1783లో పుట్టింది. 1810 ప్రాంతంలో ఆవిడకు తమ్ముడి వరస అయ్యే పిల్లవాడు సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో కోరిస్టర్‌గా చేరాడు. చూస్తే అక్కడ చదువు సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు, పిల్లల ఆలనా పాలనా పట్టించుకునేవాళ్ళు లేరు. సాయంత్రాలు వాళ్ళను బయటి కచేరీలకు కిరాయికి పంపేవాళ్ళు, రాత్రిపూట తిరిగొచ్చేది వాళ్ళంతట వాళ్ళే. ఆవిడ కెథడ్రల్ పెద్దలకు ఉత్తరం మీద ఉత్తరం రాసింది. లాభం లేకపోయేసరికి పాత పత్రాలు తవ్వితీసి, దాతలు పిల్లల కోసం రాసిచ్చిన ఆస్తులివిగో, వీటి ఆదాయం ఏమైపోతోందని నిలదీసింది. అప్పట్లో ఆడదాని మాట వినేదెవరు? అయినా వదల్లేదు. ఒక్క సెయింట్ పాల్స్‌తో సరిపెట్టుకోకుండా దేశంలోని కెథడ్రల్స్ అన్నీ తిరిగింది, మూడేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ. వెళ్ళినచోటల్లా ఒక్కో కోరిస్టర్ చేతిలో ఒక పుస్తకం, ఒక చిన్న పర్సు, ఒక కొత్త షిల్లింగు నాణెం పెట్టేది. తొంభై ఏళ్ళు బతికింది. పోయేనాటికి పిల్లలకు సరైన చదువు, వసతి ఉండాలన్నది ఊరందరూ ఒప్పుకునే మాట అయింది. పెద్దవాళ్ళతో సమానంగా పని చేయించుకున్నప్పుడు వాళ్ళింకా పిల్లలేనని గుర్తుపెట్టుకునే మనిషి ఒకరు ఉండాలి. అబ్బేలో పాట వింటున్నప్పుడల్లా నాకు ఆవిడే మనసులో మెదులుతుంది.

వంశీ, నీకు ఇంకో రెండు మూడేళ్ళలో గొంతు మారుతుంది. ఈ పిల్లలకూ అంతే, ఆ రోజుతో పై వరస అయిపోయినట్టే. హెన్రీ పర్సెల్ అని ఇక్కడి మహా సంగీతకర్త చాపెల్ రాయల్‌లో కోరిస్టర్. 1673లో గొంతు మారాక వాయిద్యాలు చూసుకునే ఉద్యోగి కింద సహాయకుడిగా పెట్టారు. అబ్బేలోని ఆర్గన్ అనే పెద్ద వాయిద్యాన్ని శ్రుతి చేసే పని చేశాడు. 1679లో, ఇరవై ఏళ్ళకే, అదే అబ్బేకి ఆర్గనిస్టు అయ్యాడు. వియన్నాలో షూబర్ట్ అనే ఇంకో సంగీతకర్త అయితే గొంతు మారిన రోజున తను పాడుతున్న నోట్స్ మీదే "ఫ్రాంజ్ షూబర్ట్ చివరిసారి కూసింది, 1812 జూలై 26" అని రాసిపెట్టాడు. కోడి కూసినట్టు అని! పదిహేనేళ్ళవాడు. నీకూ గొంతు బొంగురుపోయినప్పుడు అక్క నవ్వితే ఆ కాగితం సంగతి గుర్తుచెయ్యి.

"అమ్మాయిలు లేరా?" అన్న హాసిని ప్రశ్న మిగిలింది. ఆ వీడియోలో అమ్మాయిలున్నారు తల్లీ. ట్రూరో కెథడ్రల్ నుంచి, బెల్‌ఫాస్ట్‌లోని మెథడిస్ట్ కాలేజీ నుంచి పట్టాభిషేకానికి పిలిపించారు. అబ్బే సొంత వరుసల్లో నాకు కనిపించింది మగపిల్లలే. వందల ఏళ్ళు అన్ని చోట్లా అంతే. 1991లో సాల్స్‌బరీ కెథడ్రల్ అమ్మాయిల బృందం మొదలుపెట్టాక ఒక్కొక్కరూ ఆ దారి పట్టారు. సెయింట్ పాల్స్‌లో పెద్ద గాయకుల్లో మొదటి ఆడమనిషిగా కారిస్ జోన్స్‌ను 2017లో తీసుకున్నారు. అమ్మాయిల గొంతు ఈ పాటకు నప్పదనే వాదన ఇక్కడ చాలామంది చేశారట. విన్నదాన్ని చెబుతున్నాను, వట్టి మాట.

ఇంకో ముచ్చట. ఆ పట్టాభిషేకం రోజు బృందాన్ని నడిపించిన ఆండ్రూ నెత్‌సింఘ తండ్రి శ్రీలంకలో పుట్టినవారు, ఎక్సెటర్ కెథడ్రల్‌లో ఆర్గనిస్టుగా పనిచేశారు. ఆండ్రూ కూడా చిన్నప్పుడు ఆ తండ్రి దగ్గరే కోరిస్టర్.

మీకు వినాలని ఉంటే లండన్ రానక్కర్లేదు. బీబీసీ 1926 అక్టోబర్ 7న మొదటిసారి ఈవెన్‌సాంగ్‌ను ప్రసారం చేసింది ఈ అబ్బే నుంచే, ఇప్పటికీ రేడియో 3లో వారం వారం ఏదో ఒక చోటి నుంచి వస్తుంది. ఫోను స్పీకర్లో పెట్టకండి, అడుగున ఉన్న బేస్ అసలు వినబడదు. అమ్మనడిగి ఇయర్‌ఫోన్స్ తీసుకోండి. మొదటిసారి హాసిని పై వరసే పట్టుకోవాలి, వంశీ బేస్ ఒక్కటే. రెండోసారి మార్చుకోండి. కీర్తనల దగ్గర ఏ వచనం ఎడమ చెవిలో, ఏది కుడి చెవిలో వస్తోందో రాసి పంపండి. ఇద్దరి జవాబులూ వేర్వేరుగా కావాలి, చూసి రాస్తే నాకు తెలిసిపోతుంది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ