ఈరీ సరస్సుకు మళ్లీ పాచి ఎందుకు పట్టింది?

2014 ఆగస్టు మొదట్లో అమెరికాలోని టొలీడో నగరంలో కుళాయి నీళ్లు తాగొద్దని, కాచుకుని కూడా తాగొద్దని అధికారులు ప్రకటించారు. అమెరికా, కెనడా సరిహద్దులోని ఈరీ సరస్సులో పెరిగిన పాచి తాలూకు మైక్రోసిస్టిన్ అనే విషం శుద్ధి చేసిన నీళ్లలోనూ బయటపడింది. మరిగిస్తే అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అంత పెద్ద మంచినీటి సరస్సు ఒడ్డున ఉండి, 4 లక్షలకు పైగా జనం మూడు రోజులపాటు సీసా నీళ్ల మీదే బతికారు.

పాచి అంటున్నాం గానీ, సరస్సుల్లో ఈ విషం తయారుచేసేవి సయనోబ్యాక్టీరియా, అంటే మొక్కల్లా ఎండతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు నీళ్లు తాగి పశువులు చనిపోతున్నాయని 1878లోనే ‘నేచర్’ పత్రికలో వచ్చింది. సముద్రంలో ఈ పని చేసే జీవులు వేరు. 1987లో కెనడాలో అలాంటి సముద్ర జీవుల విషం పోగైన ఆల్చిప్పలు తిని వంద మందికి పైగా జబ్బుపడ్డారు. కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింది, ముగ్గురు చనిపోయారు.

ఈరీలో పాచి మీద మొదటి పోరాటం 1960లలోనే మొదలైంది. అప్పట్లో దాన్ని ‘చచ్చిన సరస్సు’ అనేవారు. తప్పు డిటర్జెంట్లలోని ఫాస్ఫేట్‌దా (పాచికి ఎరువులా పనిచేసే ఫాస్ఫరస్ ఇందులో ఉంటుంది), కాదా అని పెద్ద వాదన నడిచింది. కెనడాలో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో ఒక చిన్న సరస్సును అడ్డుతెరతో రెండుగా విడదీసింది. రెండు వైపులా కార్బన్, నత్రజని కలిపి, ఒకవైపు మాత్రం ఫాస్ఫరస్ కూడా వేసింది. ఆ వైపే పచ్చబడింది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూశాక ఎవరికైనా అనుమానం ఉంటుందా?

డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ తగ్గించారు, మురుగునీటి శుద్ధి పెంచారు. 1980లకల్లా ఈరీ తేరుకుంది. కానీ 1990ల నడిమి నుంచి పాచి మళ్లీ వచ్చింది. ఈసారి ఫాస్ఫరస్ వచ్చింది పొలాల నుంచి. ఎరువు వేశాక పడే పెద్ద వానలకు అది కరిగి మౌమీ నదిలోకి, అక్కడి నుంచి సరస్సులోకి చేరుతోంది. రైతుకూ ఇది నష్టమే, డబ్బు పెట్టి కొన్న ఎరువే కదా కొట్టుకుపోయేది. గొట్టంలోంచి మురుగు వదిలేవాళ్లకు అమెరికా చట్టం పర్మిట్ తప్పనిసరి చేసింది. పొలాల మీంచి పారే వాన నీటిని మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయించింది. అసలు లోపం అక్కడే ఉంది.

ఈరీలోకి చేరే ఫాస్ఫరస్‌ను 2008 నాటి స్థాయి నుంచి 40 శాతం తగ్గించాలని అమెరికా, కెనడా 2016లో లక్ష్యం పెట్టుకున్నాయి. పొలాల వైపు చర్యలు మాత్రం ఇప్పటికీ చాలావరకు రైతుల ఇష్టానికే వదిలేశారు.