కడుపులో గడ్డకు చిన్న కోత: దాని వెనక చరిత్ర

కడుపులో గడ్డ ఉంది, ఆపరేషన్ చెయ్యాలి అని డాక్టరు చెప్పగానే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ముందు పుట్టేది కోత భయం. రొమ్ముల నడుమ నుంచి బొడ్డు దాకా కుట్లు పడ్డ మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ కోత గట్టిపడేదాకా బరువు ఎత్తకూడదు. కూలికెళ్లే మనిషి మంచాన పడితే ఆ ఇంటికి పూట గడవడమే కష్టం. అందుకే నాలుగైదు చిన్న రంధ్రాలతో గడ్డ తీసేస్తారని తెలిస్తే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచివస్తుంది. అయితే ఈ పద్ధతి ఎవరికి, ఎప్పుడు పనికొస్తుందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

క్యాన్సర్ సోకిన జీర్ణాశయాన్ని కోసి తీసి, రోగిని బతికించిన తొలి ఆపరేషన్ 1881 జనవరి 29న వియన్నాలో జరిగింది. చేసినవాడు థియోడర్ బిల్‌రోత్. అంతకుముందు పేయాన్, రిడిగియర్ అనే సర్జన్లు ప్రయత్నించారు గాని వాళ్ల రోగులు దక్కలేదు. బిల్‌రోత్ రోగి లేచి తిరిగింది, అన్నం తింది. కానీ జబ్బు మళ్లీ తలెత్తి నాలుగు నెలలకే కన్నుమూసింది. కోత ఫలించినా, అప్పటికే ఆలస్యమైపోయింది.

పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, అందులోంచి గొట్టం దూర్చి చూడటం (లాపరోస్కోపీ) 1901లో మొదలైంది. జర్మనీలో కెల్లింగ్ అనే డాక్టరు కుక్క మీద చేసి చూపించాడు. 1910లో స్వీడన్‌లో జాకోబియస్ మనుషులకు చేశాడు. ఆ తర్వాత చాలాకాలం అది చూడటానికే పరిమితం. 1980లో జర్మన్ డాక్టరు కుర్ట్ సెమ్ ఆ రంధ్రాల్లోంచే అపెండిక్స్ తీసినప్పుడు తోటి డాక్టర్లే విరుచుకుపడ్డారు. 1985లో మరో జర్మన్ సర్జన్ మూహే ఇలాగే పిత్తాశయం (గాల్‌బ్లాడర్) తీశాడు. 1990లో బొంబాయిలో తెహెంటన్ ఉద్వాడియా అదే పని మన దేశానికి తెచ్చారు.

పిత్తాశయం తీస్తే పని అయిపోతుంది. జీర్ణాశయం అలా కాదు. గడ్డతోపాటు క్యాన్సర్ పాకే అవకాశమున్న, చుట్టూ ఉన్న లింఫు గ్రంథుల్ని పెద్ద రక్తనాళాల మీంచి ఒలిచి తియ్యాలి, మిగిలిన భాగాన్ని పేగుకు కలపాలి. అందుకే 1991 దాకా ఎవరూ సాహసించలేదు. ఆ ఏడు జపాన్‌లో సెయిగో కితానో అనే సర్జన్ చేశాడు. బొగ్గుపులుసు వాయువుతో (కార్బన్ డయాక్సైడ్) పొట్ట ఉబ్బించి, కెమెరాతో తెర మీద చూస్తూ కోసి, చివర్లో చిన్న కోత నుంచి ముక్క బయటికి తీశాడు.

ఆ దశాబ్దంలోనే ఒక భయం పుట్టింది. క్యాన్సర్‌కు ఇలా ఆపరేషన్ చేయించుకున్న కొందరికి ఆ రంధ్రాల దగ్గరే గడ్డ మళ్లీ మొలిచింది. కోసిన ముక్కను సంచిలో పెట్టి తియ్యడం, గడ్డను చిదమకుండా పట్టుకోవడం అలవాటయ్యాక ఆ బెడద తగ్గింది. అయినా నమ్మకం కుదరడానికి పెద్ద పరీక్షలు కావలసివచ్చాయి. కొరియాలో తొలిదశ రోగులు 1,416 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. అయిదేళ్లకు బతికున్నవాళ్లు చిన్న కోతలో 94.2 శాతం, పెద్ద కోతలో 93.3 శాతం. ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు 13 శాతం, 19.9 శాతం. ముదిరిన గడ్డల మీద చైనాలో చేసిన పరీక్షలోనూ మూడేళ్ల ఫలితం దాదాపు సమానమే, కానీ ఆ సర్జన్లు బాగా చెయ్యి తిరిగినవాళ్లు.

జపాన్‌లోనే ఇది ఎందుకు పుట్టిందన్నది మనం పట్టించుకోవలసిన సంగతి. వాళ్లు 1950లోనే కడుపులోకి మింగించే కెమెరా తయారుచేశారు. ఊరూరా జనాన్ని పరీక్షించి, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవడం నేర్చారు. కితానో రోగిది తొలిదశ జబ్బే. చిన్న గడ్డలు దొరికాయి కాబట్టే చిన్న కోత వచ్చింది.

మన దగ్గర డబ్బు అడ్డంకి కొంత తొలిగింది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. విజయనగరానికి ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో వచ్చింది. తొందరగా కనిపెట్టడం మాత్రం ఇంకా అందలేదు. అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) తాగేవాళ్ల అంగిట్లో పుండు నోరు తెరిస్తే కనబడుతుంది. కడుపులోది కనబడదు. "ఏటీ లేదమ్మా, గేసు" అని మందుల షాపులో బిళ్లలు కొనుక్కుని నెలలు గడిపేస్తారు. ఆ బిళ్లలు మంటను అణిచేస్తాయి, కింద గడ్డ పెరుగుతూనే ఉంటుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండటం, చిక్కిపోవడం, విరేచనం నల్లగా రావడం, రక్తం తగ్గడం — వీటిలో ఏది కనిపించినా, ముఖ్యంగా నలభై దాటినవాళ్లు, నోట్లోంచి గొట్టం వేసి (ఎండోస్కోపీ) చూపించుకోవాలి. కొన్ని నిమిషాల పరీక్ష అది.

గడ్డలన్నీ క్యాన్సరే కావు, ఒక్క రకమూ కావు. జీర్ణాశయం గోడలో పుట్టే జిస్ట్ అనే రకానికి మామూలుగా గడ్డ చుట్టూ కొంత మేర తీస్తే చాలు, చిన్న కోతకు బాగా అనువైనదది. ముదిరి పక్క అవయవాలకు అంటుకున్న గడ్డకు పెద్ద కోతే మేలు కావచ్చు. మధ్యలో రంధ్రాలు వదిలి పొట్ట తెరిచారంటే సర్జన్‌కు చేతకాలేదని అనుకోనక్కర్లేదు, రోగి క్షేమం చూసుకున్నాడని అర్థం. క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. ఎన్ని లింఫు గ్రంథులు చూశారో అందులో రాస్తారు. కనీసం 16 ఉండాలన్నది డాక్టర్లు పాటించే లెక్క.