చిక్కుడుకాయ రథం, గానుగ రోలు

అమ్ములూ, చిన్నా,

మొన్న రథసప్తమి నాడు చిక్కుడుకాయలకు ఈనెపుల్లలు గుచ్చి రథం చేస్తూ చిన్నా ఒక మాట అడిగాడు. "సూర్యుడు కదలడు, భూమే తిరుగుతుందని టీచర్ చెప్పారు కదా తాతయ్యా, మరి కదలనివాడికి రథం ఎందుకు?" అప్పటికప్పుడు సరైన జవాబు తట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

నా చిన్నప్పుడు మా ఊళ్లో నువ్వుల నూనె గానుగ ఉండేది. మధ్యలో రోలు, దాని చుట్టూ బల్లను లాగుతూ గంతలు కట్టిన ఎద్దు. బరువు కోసం బల్ల మీద రాళ్లు పెట్టేవాళ్లు, బడి లేని రోజు రాళ్ల బదులు మమ్మల్ని కూర్చోబెట్టేవాళ్లు. రోలు వైపే చూస్తూ కూర్చుంటే అది ఎప్పుడూ ఎదురుగానే ఉండేది, దాని వెనక గోడ మాత్రం మారిపోయేది: తలుపు, నూనె కుండలు, నువ్వుల బస్తాలు, మళ్లీ తలుపు. "రోలు కుండల్లోకొచ్చింది, బస్తాల్లోకొచ్చింది" అని అరిచేవాళ్లం. పంచాంగంలో "సూర్యుడు మకరంలో ప్రవేశించాడు" అనేది అచ్చం ఇదే మాట. భూమి అనే బల్ల మీద కూర్చున్నవాళ్లు చెప్పే మాట, అందులో తప్పేమీ లేదు.

అలాగని సూర్యుడు తిరుగుతున్నాడన్నా, భూమి తిరుగుతోందన్నా రెండూ ఒకటే అనుకోకండి. ఏది ఎక్కడ కనిపిస్తుందో చెప్పడానికి ఎక్కడ కూర్చుని లెక్క రాసుకున్నా సరిపోతుంది. ఎందుకు తిరుగుతోంది అని అడిగితేనే తేడా తెలుస్తుంది. సూర్యుడు భూమికి దాదాపు 3,33,000 రెట్లు బరువు, అంతటి రోలు మన బల్ల చుట్టూ తిరుగుతుందా?

ఇంకో సంగతి. బల్ల తిరుగుతుంటే దగ్గర్లో వేలాడే లాంతరు, వెనక గోడ మీద అటూ ఇటూ జరిగినట్టు కనిపించేది. భూమి తిరిగేదే అయితే దగ్గరి నక్షత్రాలు కూడా అలా జరగాలి కదా. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన కోపర్నికస్ పుస్తకం 1543లో వచ్చింది, ఆ జరగడాన్ని కొలవడానికి 1838 దాకా పట్టింది. బెసెల్ అనే జర్మనీ ఆయన హంస ఆకారపు చుక్కల గుంపులో ఒక చిన్న చుక్క దగ్గర దాన్ని పట్టుకున్నాడు. "భూమి కదల్లేదు, చుక్కే ఊగింది" అని కూడా లెక్క రాయొచ్చు. కానీ అంత దూరాన ఉన్న చుక్కలన్నీ సరిగ్గా మన ఏడాదికి ఒక్కసారే ఎందుకు ఊగాలి? నేను భూమే తిరుగుతోందని నమ్మేది ఇందుకే. టీచర్ చెప్పినా మళ్లీ అడిగావు చూడు చిన్నా, అలాగే అడుగుతుండాలి, గంతలు ఎద్దుకే గానీ మనకు కాదు.

ఇక రథం సంగతి. సూర్యుడు కూడా ఊరికే కూర్చోలేదురా. గురుగ్రహం లాగుతుంటే కాస్త ఊగుతాడు, మనందరినీ వెంటేసుకుని పాలపుంతలో సెకనుకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతున్నాడు. కాబట్టి చిక్కుడుకాయ రథం మానొద్దు.

రేపు పొద్దున్నే డాబా మీద ఒకేచోట నిలబడి, సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు పక్కన పైకొస్తున్నాడో చూసి పిట్టగోడ మీద సుద్దతో గీత గీయండి. ఉగాది నాడు అక్కడే నిలబడి ఇంకో గీత గీసి, ఎటు జరిగాడో ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య